మూసీ వరదలో సరోజినీ నాయుడు గారు

ఫిబ్రవరి 13 వచ్చిందంటే బడుల్లో సరోజినీ నాయుడు గారి పటానికి దండ వేస్తారు. భారత కోకిల అని, కాంగ్రెసు అధ్యక్షురాలని, స్వతంత్ర భారతంలో మొదటి మహిళా గవర్నరని పిల్లల చేత చెప్పిస్తారు. అన్నీ నిజమే. అయితే ఆవిడకు బ్రిటిషు ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది వరదలో మునిగిన హైదరాబాదు నగరానికి చేసిన సేవకు. ఈ సంగతి మన పిల్లల పుస్తకాల్లో ఒక వాక్యానికి మించి ఉండదు. తుఫాను అంటే ఏమిటో రామయ్యపట్నం నుంచి బరంపురం దాకా మన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు గనుక, ఆ ఒక్క వాక్యం వెనుక ఉన్న జీవితాన్ని ఈసారి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. సరోజినీ గారు పుట్టుకతో తెలుగావిడ కారు. నాయుడు అన్న పేరు చూసి చాలామంది అలా అనుకుంటారు. ఆవిడ తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ గారు తూర్పు బెంగాలులోని విక్రంపూర్ ప్రాంతం బ్రాహ్మణ కుటుంబీకులు. ఎడింబరోలో సైన్సులో డాక్టరేటు చేసి, నిజాం రాజ్యంలో ఇంగ్లీషు చదువు నిలబెట్టడానికి హైదరాబాదు వచ్చారు. ఆయన మొదలుపెట్టిన కళాశాలే తరువాత నిజాం కళాశాల అయింది. తల్లి వరదసుందరీ దేవి గారు బెంగాలీలో పాటలు రాసేవారు. ఎనిమిదిమంది పిల్లల్లో సరోజినీ గారు పెద్ద. పుట్టింది 1879 ఫిబ్రవరి 13న, హైదరాబాదులోనే.

అంటే ఆ ఇల్లు పరభాషా ప్రాంతంలో స్థిరపడిన ఒక బెంగాలీ ఇల్లు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష, కచేరీలో మూడో భాష. మన ఇళ్లలాంటిదే. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఆఫీసు కాగితం మీద ఇంగ్లీషుతో బతికిన మనకు ఆ పిల్ల ఎలా పెరిగిందో ఊహించడం కష్టం కాదు. ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు, బెంగాలీ ఆవిడకు బాగా వచ్చు, తెలుగూ వచ్చునంటారు. కవిత్వం మాత్రం ఇంగ్లీషులో రాశారు.

పరాయి చోట ఉన్నవాళ్లు తల వంచుకుని బతకాలన్న నియమం ఆ ఇంట్లో లేదు. 1883లో చాందా రైలు మార్గం ఒప్పందం మీద హైదరాబాదులో పెద్ద అలజడి రేగింది. రాజ్యం సొమ్ము విదేశీ కంపెనీల పాలవుతుందని ప్రశ్నించినవారిలో అఘోరనాథ్ గారు ఒకరు. ఫలితంగా ఉద్యోగం పోయింది, నగరం విడిచి వెళ్లవలసి వచ్చింది. కొంతకాలానికి దర్బారే వెనక్కి పిలిపించింది. ఊరు తనది అనుకున్నవాడే ఊరి సొమ్ము గురించి అడుగుతాడు. కూతురికి అప్పుడు నాలుగేళ్లు.

చదువు సంగతి అందరికీ తెలిసిందే. పన్నెండేళ్లకే మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌లో మొదటి స్థానం. ఆ కాలంలో మన గంజాం పిల్లలు కూడా ఆ మద్రాసు పరీక్షే రాసేవారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలోనే కదా. నిజాం గారి స్కాలర్‌షిప్పుతో 1895లో ఇంగ్లాండు వెళ్లి లండన్ కింగ్స్ కాలేజీలో, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీలో చదివి 1898లో తిరిగి వచ్చారు. ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే.

ఆ డిసెంబరులోనే పెళ్లి. వరుడు డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు గారు, నిజాం సర్కారు వైద్యుడు, తెలుగువారు, కులం వేరు. పెళ్లి మద్రాసులో 1872 నాటి వివాహ చట్టం కింద జరిగింది. జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులు గారు. ఒక బెంగాలీ బ్రాహ్మణ పిల్లకు, ఒక తెలుగు నాయుడు గారికి, రాజమండ్రి పంతులు గారి చేతి మీదుగా పెళ్లి. నూట పాతికేళ్ల తరువాత కూడా మన పెళ్లి సంబంధాల చర్చల్లో ఇంటిపేరు దాటి రెండో మాట రావడానికి ఎంత సేపు పడుతుందో తెలిసినవాళ్లకు ఈ పెళ్లి విలువ తెలుస్తుంది.

దంపతులు హైదరాబాదు ఆబిడ్స్‌లో కాపురం పెట్టారు. 1905లో లండనులో వెలువడిన ఆవిడ మొదటి కవితా సంపుటి పేరు గోల్డెన్ థ్రెషోల్డ్. ఇంటికీ అదే పేరు నిలిచిపోయింది. జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి అని నలుగురు పిల్లలు. 1906 చివర కలకత్తా సభల్లో స్త్రీ విద్య మీద ఆవిడ ఉపన్యాసం విని గోపాలకృష్ణ గోఖలే గారు అభిమాని అయ్యారు. ఇలా సభలు, కవిత్వం, పిల్లల జ్వరాలు, ఆవిడ సొంత అనారోగ్యం మధ్య సాగుతున్న సంసారంలోకి మూసీ వచ్చింది.

1908 సెప్టెంబరు 28, సోమవారం. దసరా నవరాత్రులు, రంజాన్ నెల ఒకే వారంలో మొదలయ్యాయి. అంతకు రెండు రోజుల ముందు నుంచే వాన. శంషాబాదు దగ్గర ఒక్క రోజులో పన్నెండు అంగుళాలు దాటి కురిసింది. ఎగువన మూసీ పరీవాహకంలో చిన్నా పెద్దా కలిపి 788 చెరువులు ఉండేవి. పైచెరువు తెగితే ఆ నీళ్లు కిందిచెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. అలా ఒకదాని మీద ఒకటిగా 221 చెరువులు తెగాయని తరువాత లెక్క తేలింది. నగరం మీద పడిన ప్రవాహాన్ని 4,25,000 క్యూసెక్కులుగా అంచనా కట్టారు. ఇదేదో మామూలు రోజుల్లో కాలువలా పారే చిన్న నది అని గుర్తుంచుకోండి.

నగర జనాభా అప్పటికి నాలుగున్నర లక్షల చిల్లర. నదికి రెండు ఒడ్డుల మీదా ఇరుకు బస్తీలు, మట్టి గోడల ఇళ్లు. తెల్లవారేసరికి బస్తీలకు బస్తీలే లేవు. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. అన్నిటికన్నా పాతదైన పురానాపూల్ నిలబడింది. ఎత్తు మీద ఉందని పేట్లబురుజు ఎక్కిన వందలాది జనం బురుజుతో సహా కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లోని ఆసుపత్రి పోయింది. ఆ తోటలోని ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది బతికారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ గారు తల్లిని, భార్యను, కూతురిని ఒకే పూట పోగొట్టుకున్నారు. చనిపోయినవారు పదిహేను వేల మంది అని అంచనా.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారు భవనాల తలుపులు తెరిపించారు, అన్నం వండించి పెట్టించారు. ఆయన నది ఒడ్డుకు వచ్చి హిందూ పద్ధతిలో మూసీకి చీర, పసుపు కుంకుమలు సమర్పించారని హైదరాబాదువాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు. దివాను మహారాజా కిషన్ పర్షాద్ గారు. సర్కారు యంత్రాంగం కదిలింది, ధనవంతులు కదిలారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇప్పటి సహాయ శిబిరాల్లో కూడా అది ఉంది గనుక కాస్త ఆగి చెబుతాను.

నగరంలో సగం ఇళ్లు పరదా పాటించేవి. ముస్లిముల్లోనే కాదు, హిందూ పెద్ద ఇళ్లలో కూడా. ఒంటి మీద తడిబట్టతో, నెత్తిన నీడ లేకుండా మిగిలిన ఆడమనిషి, పరాయి మగవాడి ముందుకు వచ్చి చేయి చాపడమన్నది ఊహకు అందని మాట. సహాయం పంచే గుమస్తా మగవాడు. జాబితా రాసేవాడు మగవాడు. వంటశాల దగ్గర వరుస మగవాళ్లది. మగదిక్కు కొట్టుకుపోయిన ఇంటి ఆడవాళ్ల పేరు ఆ జాబితాలోకి ఎవరు ఎక్కించాలి? ఆడవాళ్ల దగ్గరకు ఆడవాళ్లే వెళ్లాలి. వెళ్లగలిగిన ఆడవాళ్లు, అంటే నలుగురిలో తిరిగిన అలవాటు, చదువు, ఉర్దూ మాట, పెద్ద ఇళ్ల జనానాల్లోకి ప్రవేశం, ఇవన్నీ ఉన్నవాళ్లు ఆ నగరంలో చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వారిలో సరోజినీ గారు ముందు వరుసలో నిలిచారు. ఇరవై తొమ్మిదేళ్ల వయసు, బలహీనమైన గుండె, ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలు నలుగురు.

ఆవిడ నగర స్త్రీలను కూడగట్టి సహాయ పనిలోకి దింపారు. బేగములూ, హిందూ ఇల్లాళ్లూ, ఇంగ్లీషు దొరసానులూ ఒకే పనికి చేతులు కలపడం హైదరాబాదుకు కొత్త. కొన్ని వ్యాసాల్లో వరద సహాయమంతా ఆవిడ ఒక్కరే చేసినట్టు రాస్తారు. అది సరి కాదు, ఆవిడ గొప్పతనానికి ఆ అతిశయోక్తి అవసరం కూడా లేదు. లక్షల మంది నగరాన్ని ఒక్క మనిషి ఎత్తలేదు. నలుగురిని కలపగల మనిషి ఒకరు దొరకడమే ఆపదలో కష్టం. డబ్బు, బియ్యం, దుప్పట్లు ఎలాగో వస్తాయి.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ముందే దాదాపు పది లక్షల మందిని ఖాళీ చేయించడం వల్ల ప్రాణనష్టం తక్కువ. 1999లో ఇదే ఒడిశాలో సూపర్ సైక్లోను దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకున్న సంగతి తలచుకుంటే అది చిన్న విషయం కాదు. కాని కరెంటు, నీళ్లు లేక బరంపురం రోజుల తరబడి అల్లాడింది. చందాలు బాగానే వచ్చాయి. బట్టలు గుట్టలుగా వచ్చాయి, అందులో సగం మగవాళ్ల పాత ప్యాంట్లు. రవికెలు లేవు, లంగాలు లేవు, పసిపిల్లలకు పనికొచ్చే పాతగుడ్డలు లేవు. తీరం ఊళ్లలో వల, తెప్ప పోయిన ఇంటి మగవాడు బయట నిలబడి పేరు రాయించుకున్నాడు. లోపల ఉన్న విధవ తల్లి పేరు రెండో విడత జాబితాలో కూడా లేదు. రశీదు పుస్తకం, పంపిణీ పుస్తకం రెండూ పక్కపక్కన పెట్టి కూడికలు వేస్తే గాని ఇలాంటివి కనబడవు. ముప్పై ఏళ్లు లెడ్జర్లు రాసిన చేతికి ఆ పాటి తెలుసు. ఆ తరువాత మా సంఘం మహిళా సభ్యులే ఇల్లిల్లూ తిరిగి వేరే జాబితా రాశారు. 1908లో సరోజినీ గారు, ఆవిడ తోటివారు చేసిన పని విలువ అక్కడ మాకు తెలిసి వచ్చింది.

మన ఒడిశాలో ఉత్కళమణి గోపబంధు దాస్ గారి కథ అందరికీ తెలుసు. కొడుకు జబ్బుగా ఉన్నా వరద బాధితుల దగ్గరకు వెళ్లిపోయారని, తిరిగి వచ్చేసరికి కొడుకు దక్కలేదని చెబుతారు. అంతటి త్యాగం అందరి వల్లా కాదు. సరోజినీ గారి పద్ధతి వేరు. ఇల్లూ చూసుకున్నారు, పిల్లలనూ చూసుకున్నారు, సరదా మాటలూ మానలేదు, పనీ చేశారు. సంసారులైన మనబోటివాళ్లకు అందుబాటులో ఉన్న దారి ఇదేనని నాకు అనిపిస్తుంది.

సహాయం చేస్తే ఆ పూట గడుస్తుంది. మళ్లీ వరద రాకుండా చూడడం వేరే పని. దానికి 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన పూర్వీకులది మోక్షగుండం. ఆయన వానల లెక్కలు, తెగిన చెరువుల లెక్కలు తీసి, నగరానికి ఎగువన మూసీ మీద, ఈసీ మీద నీటిని ఆపే రెండు పెద్ద జలాశయాలు కట్టాలని చెప్పారు. వరద వచ్చినప్పుడు ఆపి, మెల్లగా వదలాలన్నది ఆలోచన. ఉస్మాన్‌సాగర్ 1920కి, హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. నగరానికి తాగునీళ్లు కూడా అక్కడి నుంచే వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు బస్తీలు తీసి, రోడ్లు వేసింది. అంటే వరద వచ్చిన పందొమ్మిదేళ్లకు గాని రక్షణ పని పూర్తి కాలేదు. చందాలిచ్చి ఫోటోలు దిగినవాళ్లలో ఎంతమంది పందొమ్మిదేళ్లు ఒక పనిని గుర్తుపెట్టుకుంటారు? రామయ్యపట్నంలో సముద్రం ఏటేటా ఇళ్ల మీదకు వస్తోంది. గోడ కడతారని, కొత్త ఇళ్లు ఇస్తారని మాటలు వినబడుతూనే ఉన్నాయి. తుఫాను నాడు అన్నం పొట్లాలు పంచడానికి వచ్చేవాళ్లకు లోటు లేదు. మామూలు రోజున అర్జీ పట్టుకుని బ్లాకు ఆఫీసుకు, ఛత్రపురం కలెక్టరాఫీసుకు తిరిగేవాళ్లు కావాలి.

వరద సేవకు గుర్తింపుగా సరోజినీ గారికి 1911లో కైజర్-ఎ-హింద్ పతకం వచ్చింది. ప్రజాసేవకు బ్రిటిషువారు ఇచ్చే గౌరవాల్లో అది పెద్దది. తరువాతి కాలంలో గాంధీ గారికీ ఇచ్చారు.

గాంధీ గారితో ఆవిడ పరిచయం కూడా సహాయ పని మధ్యనే జరిగింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన దక్షిణాఫ్రికా నుంచి లండన్ చేరారు. ఆవిడా వైద్యం కోసం అక్కడే ఉన్నారు. అక్కడి లైసియం అనే స్త్రీల క్లబ్బు సైనికులకు బట్టలు కుట్టే పని పెట్టుకుంది. ఆవిడ అందులో సభ్యురాలు. పరిచయమైన కొత్తలోనే కత్తిరించిన బట్టల గుట్ట ఒకటి గాంధీ గారి ముందు పెట్టి, వీటిని కుట్టించి తిరిగి ఇవ్వమన్నారు. ఆయన తన మిత్రుల చేత కుట్టించి ఇచ్చారు. ఈ సంగతి గాంధీ గారే ఆత్మకథలో రాసుకున్నారు. ముందు పని అప్పగించి, తరువాత స్నేహం చేయడం ఆవిడ తీరు కాబోలు.

1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగాయి. ఆ ఘోరానికి నిరసనగా ఆవిడ తన పతకం ప్రభుత్వానికి తిప్పి పంపేశారు. దీని గురించి మా సంఘంలో ఒకసారి పెద్ద చర్చ జరిగింది. కష్టపడి సంపాదించుకున్న గౌరవం, అదీ జనానికి చేసిన సేవకు వచ్చింది, ఎందుకు వదులుకోవాలని ఒకరు అడిగారు. నా అభిప్రాయం ఇది. మూసీ ఒడ్డున తడిసిన బట్టలతో నిలబడ్డవారికి చేసిన సేవ పతకంతో పాటు వెనక్కి పోదు. కాల్పులు జరిపిన చేతి గుర్తును మాత్రం మెడలో ఉంచుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

ఆ తరువాతి కథ దేశమంతటికీ తెలిసిందే గనుక త్వరగా చెబుతాను. 1917లో స్త్రీలకు ఓటు హక్కు కావాలని మాంటేగు గారిని కలిసిన స్త్రీల బృందంలో ఆవిడ ముందున్నారు. 1925లో కాన్పూరు కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి భారతీయ మహిళ ఆవిడే. 1930 మే 21న ధరాసనలో ఉప్పు కొఠారు ముందు, లాఠీ దెబ్బలకు చేయి ఎత్తకుండా నిలబడిన సత్యాగ్రహులకు నాయకత్వం వహించారు. మన హుమ్మా ఉప్పుమళ్ల మీదుగా రైల్లో వెళ్లేటప్పుడల్లా నాకు ఆ ధరాసన గుర్తొస్తుంది. 1931లో రౌండ్ టేబులు సమావేశం, 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధం. 1947 ఆగస్టు 15న సంయుక్త రాష్ట్రాలకు, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కు, గవర్నరయ్యారు. 1949 మార్చి 2న లక్నోలో ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు. గోమతి ఒడ్డున అంత్యక్రియలు జరిగాయి.

బెంగాలు నుంచి వచ్చిన ఇల్లు, తెలుగు మెట్టిల్లు, ఉర్దూ నగరం, ఇంగ్లీషు కవిత్వం, చివరకు హిందీ రాష్ట్రంలో మరణం. ఆవిడ ఎవరి మనిషి అని అడిగితే ఏమని చెప్పాలి? మనల్ని కూడా ఇదే అడుగుతుంటారు, ఆంధ్రాకు వెళితే ఒడిశావాళ్లమని, ఇక్కడ ఆంధ్రావాళ్లమని. మూడు నాలుగు తరాలుగా ఇక్కడే పుట్టి, ఇక్కడి మట్టిలోనే కలిసిన కుటుంబాలు మనవి. ఫైలిన్ తరువాత మా వీధిలో పడిపోయిన వేపచెట్టును కోసి దారి చేసినప్పుడు రంపానికి ఒక కొస తెలుగాయన, రెండో కొస ఒడియా ఆయన పట్టారు. ఆ పూట ఆ ప్రశ్న ఎవరికీ గుర్తు రాలేదు.

సరోజినీ గారి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి దక్కింది. 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం మొదట పాఠాలు మొదలుపెట్టింది అక్కడే. పెద్ద కూతురు పద్మజా నాయుడు గారు పదేళ్లకు పైగా పశ్చిమ బెంగాలు గవర్నరుగా ఉన్నారు, అంటే తాతగారి భాష మాట్లాడే రాష్ట్రానికే. మూసీ వరద నాటికి ఆవిడ ఎనిమిదేళ్ల లోపు పిల్ల. 1971లో తూర్పు బెంగాలు నుంచి శరణార్థులు లక్షల్లో సరిహద్దు దాటి వస్తున్న రోజుల్లో భారత రెడ్‌క్రాస్ సంస్థ అధ్యక్ష బాధ్యత ఆవిడదే.